కంప్యూటర్‌లో వింత చప్పుళ్ళా? ఎక్కడివో, ఎందుకో తేల్చుకోండిలా

కంప్యూటర్ బాగానే పనిచేస్తుంటుంది. కానీ నిన్నటిదాకా లేని చప్పుడొకటి ఇవాళ మొదలవుతుంది. కొందరు "ఏదోలే" అని వదిలేస్తారు. కొందరు కంగారుపడి వెంటనే రిపేరు షాపుకు మోసుకెళ్తారు. రెండూ నష్టమే. వదిలేసిన చప్పుడు హార్డ్ డిస్క్‌ది అయితే పిల్లల చిన్ననాటి ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు ఒక్క పూటలో పోతాయి. "ఏదో చప్పుడొస్తోంది, చూడండి" అని మాత్రమే చెప్పి షాపులో వదిలేస్తే, దుమ్ము తుడిస్తే పోయేదానికి కొత్త భాగం కొనాల్సి రావచ్చు.

ఈ చప్పుళ్ళలో చాలావాటి ఆనుపానులు ఇంట్లోనే పట్టుకోవచ్చు. అందుకు ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఓపిగ్గా వినాలి, వరసలో వెతకాలి. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో, ఎప్పుడు వస్తోందో తేలాకే స్క్రూడ్రైవర్ చేతికి తీసుకోవాలి. కింది మెట్లన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

ముందుగా మూడు హెచ్చరికలు

1. కాలిన వాసన, పొగ, ఠప్‌మని పేలిన చప్పుడు, లోపల చిటపటలు: వీటిలో ఏది కనిపించినా, వినిపించినా గోడ దగ్గర స్విచ్ ఆపేసి ప్లగ్ తీసేయండి. "ఇంకోసారి ఆన్ చేసి చూద్దాం" అనుకోవద్దు. నేరుగా మెకానిక్‌కు చూపించండి.
2. పెట్టె రేకు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంటే, చప్పుడు సంగతి తర్వాత. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి.
3. లోపలి నుంచి టక్... టక్... అని లెక్కపెట్టినట్టు చప్పుడు వస్తుంటే మిగతావన్నీ పక్కనపెట్టి మెట్టు 5 చదవండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

స్టార్ స్క్రూడ్రైవర్, మెత్తటి పెయింటు బ్రష్, దుమ్ము ఊదే బ్లోయర్, ప్లాస్టిక్ టైలు, టార్చి, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు, పాత పేపరు, రాసుకోవడానికి కాగితం, రికార్డు చేయడానికి ఫోను. ఇవి చాలు.

మెట్టు 1: చప్పుడు స్పీకర్లలోంచా, పెట్టెలోంచా?

సగం పని ఇక్కడే అయిపోతుంది. స్పీకర్ల స్విచ్ ఆపి, వాటి వైరు కంప్యూటర్ నుంచి పీకేయండి. లాప్‌టాప్ అయితే కీబోర్డు మీది మ్యూట్ కీ నొక్కండి. బ్లూటూత్ స్పీకర్, హెడ్‌ఫోన్లు ఉంటే అవీ ఆపేయండి.

చప్పుడు ఆగిపోతే అది ఏదో ప్రోగ్రామ్ చేస్తున్న శబ్దమైనా అయ్యుండాలి, స్పీకర్ వైర్లలోకి చొరబడిన కరెంటు రొదైనా అయ్యుండాలి. అలాంటప్పుడు పెట్టె విప్పే పనే లేదు, మెట్టు 8కి వెళ్ళండి. ఆగకపోతే ఏదో వస్తువు నిజంగానే తిరుగుతోంది, అదురుతోంది, లేదా మిమ్మల్ని హెచ్చరిస్తోంది. వరసగా చదవండి.

మెట్టు 2: చోటు, సమయం రాసుకోండి

గదిలో సీలింగ్ ఫ్యాను, ఏసీ, టీవీ కాసేపు ఆపండి. పాత పేపరును గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి ఆనించండి. రెండో కొసను పెట్టె మూత తీయకుండానే దాని చుట్టూ నెమ్మదిగా తిప్పండి. అసలు చోటికి రాగానే చప్పుడు పెరిగి స్పష్టంగా వినిపిస్తుంది. పెట్టె వెనక, కరెంటు వైరు గుచ్చే చోట ఉండేది, లోపలి భాగాలకు కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్. మధ్యలో మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ ఫ్యాను ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని ఫ్యాన్లు ఆ కిందనే. హార్డ్ డిస్క్ ఎక్కువగా ముందువైపు ఉంటుంది.

తర్వాత ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి:

- ఆన్ చేసిన వెంటనే వచ్చి తగ్గిపోతోందా? వేడెక్కాక మొదలవుతోందా?
- ఆగకుండా వస్తోందా? ఆగి ఆగి వస్తోందా?
- గేమ్ ఆడేటప్పుడా, పెద్ద ఫైలు తెరిచేటప్పుడా, ఊరికే ఉన్నప్పుడా?
- కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే వస్తోందా?
- పెట్టె పక్క రేకును అరచేత్తో అదిమితే మారుతోందా?

అర నిమిషం ఫోన్లో రికార్డు చేసి ఉంచుకోండి. షాపులో ఆన్ చేయగానే చప్పుడు మాయమవడం మామూలే. రికార్డింగ్ ఉంటే మీ మాటకు ఆధారం ఉంటుంది.

ఇక్కడి నుంచి చివరిదాకా ఒక నియమం పాటించండి: ఒక్కసారికి ఒక్క మార్పే. ఫ్యాను తుడిచి, వైర్లు మార్చి, డిస్క్ బిగించి, ఆ తర్వాత ఆన్ చేస్తే చప్పుడు పోవచ్చు. కానీ ఏది చేయడం వల్ల పోయిందో తెలియదు. మళ్ళీ వచ్చినప్పుడు మొదటికొస్తారు.

మెట్టు 3: పెట్టె బయట వెతకండి

కంప్యూటర్ చప్పుడనుకున్నది పక్కనున్న వస్తువుది కావడం చాలా ఇళ్ళలో జరిగేదే.

యూపీఎస్: బల్ల కింద మూలన ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని అనుమానించరు. కరెంటు పోయినప్పుడు ఆగి ఆగి బీప్‌మనడం దాని పని. కరెంటు ఉండగానే అరుస్తుంటే బ్యాటరీ అయిపోవచ్చిందనో, మోయలేనంత లోడు పెట్టారనో అర్థం. లేజర్ ప్రింటర్ యూపీఎస్‌కు తగిలించి ఉంటే దాన్ని తీసి నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టండి. అయినా అరుపు ఆగకపోతే బ్యాటరీ మార్పించాలి. ఇళ్ళలో వాడే చిన్న యూపీఎస్‌లలో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ. దానికి కొన్నేళ్ళే ఆయుష్షు.

ఇన్వర్టర్: కరెంటు పోగానే గుయ్‌మనే రొద మొదలై, రాగానే ఆగిపోతుంటే లోపం కంప్యూటర్‌ది కాదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు మీద సీలింగ్ ఫ్యాన్లు, ఎస్ఎంపీఎస్‌లు రొద చేస్తాయి. ఇన్వర్టర్ మార్చే రోజు వచ్చినప్పుడు సైన్ వేవ్‌ది తీసుకోండి.

మానిటర్: బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి చూడండి. సన్నటి కీచు శబ్దం మారినా, పోయినా అది మానిటర్ వెనక లైటుకు కరెంటిచ్చే సర్క్యూట్‌ది.

అదురు: పెట్టె నేల మీద సమంగా ఉందా? ఒక కాలు ఎగిరి ఉన్నా, పెట్టె మీద స్టీలు గ్లాసు పెట్టినా, రేకు స్క్రూ వదులైనా గరగరమంటుంది. అరచేత్తో అదిమితే ఆగే చప్పుళ్ళన్నీ ఈ కోవలోవే. స్క్రూలు బిగించి, కాళ్ళ కింద రబ్బరు ముక్క పెడితే సరిపోతుంది.

డీవీడీ డ్రైవ్: ఉంటే తెరిచి చూడండి. మరిచిపోయిన డిస్క్ లోపల ఉంటే కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా బుర్రుమని తిరుగుతుంది.

మెట్టు 4: ఫ్యాన్లు – బుస్సుమనడం, కరకరలాడటం, కిర్రుమనడం

పెట్టెలోంచి వచ్చే చప్పుళ్ళలో ఎక్కువ భాగం వీటివే. విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ శాతం ఎక్కువగా ఉంటే ఏదో ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను తెగ వాడేస్తోంది, ఆ వేడికి ఫ్యాను జోరందుకుంది. ఆ ప్రోగ్రామ్ ఆపితే రొద తగ్గుతుంది. ఎవరూ వాడనప్పుడు ఫ్యాను హోరెత్తినా భయపడక్కర్లేదు. విండోస్ తన అప్‌డేట్లు, సొంత నిర్వహణ పనులు అలాంటి వేళల్లోనే పెట్టుకుంటుంది.

సీపీయూ శాతం తక్కువగా ఉన్నా ఫ్యాను హోరుమంటుంటే దుమ్ము పేరుకుందేమో చూడాలి. శుభ్రం చేయడం ఇలా:

1. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు ఖర్చయిపోతుంది.
2. వారంటీ సీలు ఉంటే ఇక్కడే ఆగి కంపెనీ సర్వీసుకు ఇవ్వండి. లేకపోతే వెనకవైపు రెండు స్క్రూలు తీసి పక్క రేకును వెనక్కి జరపండి.
3. లోపలి భాగాలు ముట్టుకునే ముందు పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. ఒంట్లోని స్టాటిక్ పోతుంది.
4. టార్చి వేసి ముందు వైర్లు చూడండి. సన్నటి వైరొకటి వదులై ఫ్యాను రెక్కలకు తగులుతుంటే టరటరమని ఆగకుండా మోగుతుంది. వైరు తొడుగు మీద ఒకేచోట అరిగిన తెల్లటి గీత కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ వైరును పక్కకు లాగి ప్లాస్టిక్ టైతో కట్టేయండి.
5. ప్రాసెసర్ ఫ్యాను కింద సన్నటి రేకుల వరస ఉంటుంది, అదే హీట్‌సింక్. రెక్కల సందుల్లోంచి చూస్తే ఆ రేకులు కనబడకుండా బూడిదరంగు దుమ్ము పొర కట్టి ఉంటుంది. గాలి లోపలికి పోయే దారి లేక ఫ్యాను ఎంత తిరిగినా వేడి దిగదు. అందుకే ఆ హోరు. బ్రష్‌తో నెమ్మదిగా దుమ్ము కదిలించి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టి ఉంచండి. గాలి దెబ్బకు విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మాత్రం లోపల పెట్టొద్దు, స్టాటిక్ వల్ల చిప్పులు దెబ్బతినవచ్చు.
6. ప్రతి ఫ్యానునూ వేలితో ఒకసారి తిప్పి వదలండి. బాగున్నది మెత్తగా తిరిగి నిదానంగా ఆగుతుంది. గట్టిగా తిరిగి టక్కున ఆగినా, పక్కలకు ఊగినా బేరింగ్ అరిగింది. చలికాలం పొద్దున్నే ఆన్ చేసినప్పుడు కిర్రుమని, కాసేపటికి సర్దుకునేది ఇదే.

అరిగిన ఫ్యాను మార్చడమే మంచిది. కొలత, వైరు చివర ఎన్ని పిన్నులున్నాయో చూసి అలాంటిదే కొనండి. పెట్టెకు బిగించే ఫ్యాన్లలో బాగా వాడుకలో ఉన్న కొలత 120 మిల్లీమీటర్లు. స్టిక్కర్ కింద ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే కొన్నాళ్ళు నడుస్తుంది కానీ అది తాత్కాలికమే. కొబ్బరినూనె వేయవద్దు, జిగురై బిగుసుకుపోతుంది.

వెనకవైపు ఖాళీ స్లాట్ల మూతలు ఊడి ఉంటే ఇప్పుడే బిగించేయండి. బల్లులు, బొద్దింకలు వెచ్చదనం కోసం దూరేది ఆ సందుల్లోంచే. బల్లి ఫ్యానులో పడినా, బోర్డు మీద పాకినా నష్టం మీకే.

లాప్‌టాప్ విషయంలో పద్ధతి వేరు. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోయి ఫ్యాను హోరెత్తుతుంది. బల్ల మీద పెట్టి చూడండి. అయినా తగ్గకపోతే లోపల శుభ్రం చేయించండి. అలవాటు లేకుండా సొంతంగా విప్పవద్దు.

మెట్టు 5: హార్డ్ డిస్క్ – టక్ టక్, కరకర, గీరినట్టు శబ్దం

ఇక్కడ ఒక్క గంట ఆలస్యం కూడా ఖరీదైనదే, కాబట్టి జాగ్రత్తగా చదవండి.

పాత తరహా హార్డ్ డిస్క్‌లో అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. వాటికి తగలకుండా, వెంట్రుక మందం కంటే ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో, చదివే హెడ్ కదులుతుంది. ఫైలు తెరిచినప్పుడు మెత్తగా కరకరలాడటం, ఆగకుండా సన్నగా గుయ్‌మనడం మామూలే. ఒకే లయలో టక్... టక్... అని పదేపదే వస్తే హెడ్ తనకు కావాల్సిన చోటు దొరకక వెనక్కి వెళ్ళి మళ్ళీ వెతుకుతోందని అర్థం. గీరినట్టు వినిపిస్తే హెడ్ పళ్ళేనికి తగులుతూ ఉండవచ్చు.

అప్పుడు చేయాల్సింది:

1. విండోస్ ఇంకా పనిచేస్తుంటే ముందు మళ్ళీ దొరకని ఫైళ్ళు, అంటే ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కలు, వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. సినిమాలు, పాటలు చివరికి.
2. కాపీ అయ్యేదాకా డిస్క్ చెకింగ్, డీఫ్రాగ్, విండోస్ కొత్తగా వేయడం లాంటివి చేయకండి. అవి చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను మరింత నలుపుతాయి.
3. డిస్క్ కనిపించడమే మానేస్తే ఆపేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ పళ్ళేల మీద కొత్త గీతలు పడే ప్రమాదం ఉంది. లోపలివి తప్పనిసరిగా కావాలంటే డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరకే తీసుకెళ్ళండి. తట్టడం, మూత విప్పడం లాంటివి చేయకండి.
4. కాపీ అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. "కాషన్", "బ్యాడ్" అని చూపిస్తే మార్చేయండి. "గుడ్" అన్నా టక్ టక్ ఆగకపోతే మీ చెవినే నమ్మండి.

ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలు ఉండవు. మీ కంప్యూటర్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ ఒక్కటే అయితే ఈ అనుమానం కొట్టేయవచ్చు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ విభాగంలో డిస్క్ పేరు కిందే ఏ రకమో రాసి ఉంటుంది.

మెట్టు 6: సన్నటి కీచు, జుయ్‌మనే రొద

గేమ్ మొదలవగానే సన్నటి కీచు వచ్చి, ఆపగానే పోతుంటే అది గ్రాఫిక్స్ కార్డు మీదో, ఎస్ఎంపీఎస్‌లోనో ఉండే కాయిల్ చేసేది. కరెంటు వేగంగా పెరుగుతూ తగ్గుతూ పోయేటప్పుడు రాగి తీగ చుట్లు అదురుతాయి, ఆ అదురే చెవికి తెలుస్తుంది. చికాకే తప్ప ప్రమాదం లేదు. గేమ్ సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటును 60కి కట్టేయండి, లేదా వీ-సింక్ ఆన్ చేయండి. చాలాసార్లు తగ్గుతుంది.

ఎస్ఎంపీఎస్ నుంచి కొత్తగా గట్టి రొద మొదలై, దానితోపాటు కంప్యూటర్ తనంతట తాను ఆగిపోతుంటే మార్పించండి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఎస్ఎంపీఎస్ మూత విప్పవద్దు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు.

మెట్టు 7: ఆన్ చేయగానే బీప్‌లు, తెర మాత్రం నలుపు

కంప్యూటర్ తన భాగాలను తానే పరీక్షించుకుని, తెర వెలిగించలేని స్థితిలో బీప్‌లతో చెబుతుంది. బీప్‌లు ఎన్ని, ఏవి పొడుగు, ఏవి పొట్టి అని రాసుకుని మదర్‌బోర్డు మాన్యువల్‌లో చూడండి. అర్థాలు కంపెనీని బట్టి మారతాయి. ఉదాహరణకు అవార్డ్ బయాస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లంటే డిస్‌ప్లే సమస్య.

ఆగి ఆగి పొడుగు బీప్‌లు వస్తుంటే ముందు ర్యామ్, అంటే మదర్‌బోర్డులో గుచ్చి ఉండే మెమరీ పట్టీ, చూడండి. మెట్టు 4లో చెప్పినట్టు ప్లగ్ పీకి, ర్యామ్ రెండు చివరలా క్లిప్పులు విప్పి బయటికి తీయండి. బంగారు రంగు పిన్నులను రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కి బిగించండి. మన తేమ వాతావరణంలో ఈ ఒక్క పనితోనే లేచి కూర్చునే కంప్యూటర్లు ఎన్నో.

మెట్టు 8: స్పీకర్లలోంచి వచ్చేవి

ఎక్కడి నుంచో పాట, మాటలు: బ్రౌజర్ ట్యాబుల మీద చిన్న స్పీకర్ గుర్తు ఎక్కడుందో చూడండి. ఆ ట్యాబు మీద రైట్ క్లిక్ చేసి మ్యూట్ చేయవచ్చు. ట్యాబుల్లో లేకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, వాల్యూమ్ మిక్సర్ వరసలో వెళ్ళండి. శబ్దం వాడుకుంటున్న ప్రోగ్రాముల పేర్లు అక్కడ కనిపిస్తాయి.

తెర మీదున్నదంతా ఒక గొంతు చదువుతుంటే: అది నారేటర్. చూపు లేనివారికి ఎంతో మేలు చేసే సదుపాయం. పిల్లల చేయి తగిలి ఆన్ అయ్యుంటుంది. విండోస్, కంట్రోల్, ఎంటర్ కీలు కలిపి నొక్కితే ఆగుతుంది. క్యాప్స్ లాక్ నొక్కినప్పుడల్లా బీప్ వస్తుంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్ కింద టాగుల్ కీస్ ఆపేయండి.

టుడుం, టుడుం అని పదేపదే: యూఎస్‌బీ వస్తువు ఊడినప్పుడు, తగిలినప్పుడు విండోస్ చేసే శబ్దమిది. యూఎస్‌బీకి తగిలించినవన్నీ ఒక్కొక్కటే తీస్తూ వెళ్ళండి. ఏది తీస్తే ఆగిందో దాని వైరో, పోర్టో వదులైంది.

"మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని గట్టిగా అరుపు: ఇది పచ్చి మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఫోన్ చేయకండి, వాళ్ళు చెప్పే యాప్ వేయకండి. టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను ఎండ్ టాస్క్ చేయండి. తర్వాత బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల అనుమతులు చూసి తెలియని సైట్లన్నీ తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆగని హమ్: మన ఇళ్ళ కరెంటు 50 హెర్ట్జ్. ఆ రొదే స్పీకర్లలోకి చొరబడుతుంది. లాప్‌టాప్ ఛార్జర్ తీయగానే పోతే ఎర్తింగ్ దారిలో తేడా ఉంది. కంప్యూటర్, స్పీకర్లు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు జాక్ బదులు వెనకవైపు ఆకుపచ్చ జాక్ వాడండి. రొద పోతుందని మూడో పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టడం మాత్రం చేయకండి. షాక్ నుంచి మిమ్మల్ని కాపాడేది ఆ పిన్నే. ఫోను మోగడానికి ముందు టిరిక్ టిరిక్‌మంటుంటే అది 2జీ సిగ్నల్ స్పీకర్ వైర్లకు తగలడం వల్ల. ఫోనును దూరంగా పెట్టండి.

షాపుకు వెళ్ళాల్సి వస్తే

ఇన్ని చూశాక కూడా తేలకపోతే మీ కాగితం, రికార్డింగ్ పట్టుకుని వెళ్ళండి. "ఆన్ చేసిన పది నిమిషాలకు, వెనక పైభాగంలోంచి, కిర్రుమని వస్తోంది, దుమ్ము తీశాను, ఫ్యాను గట్టిగా తిరుగుతోంది" అని చెప్పండి. అంత వివరంగా చెప్పినవారికి అక్కర్లేని భాగం అంటగట్టడం కష్టం. హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్ ఇస్తున్నారంటే, ఇచ్చే ముందే ఫైళ్ళ కాపీ మీ దగ్గర ఉండాలి. "ఫార్మాట్ చేయొద్దు" అని నోటితో చెప్పడంతో ఆగకుండా రసీదు మీద రాయించుకోండి.

ఏడాదికి రెండుసార్లు, వేసవి మొదట్లో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, పెట్టె తెరిచి దుమ్ము తీస్తే ఈ చప్పుళ్ళలో చాలావాటికి అవకాశమే ఉండదు. ఫొటోల కాపీకి మాత్రం ఆ రోజుల దాకా ఆగవద్దు. చప్పుడు వచ్చినా రాకపోయినా ఈ వారమే ఒక బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి.